లారీ నిండుగానే వచ్చింది, సంపు నిండలేదు: గుండె ఆపరేషన్‌లో ఆక్సిజన్ లెక్క

"సార్, ఆపరేషన్ జరిగేటప్పుడు అమ్మకి ఆక్సిజన్ 94 కంటే తగ్గనీరు గదా?"

అడిగింది ఆత్మకూరు నుంచి వచ్చిన కుర్రాడు. చెన్నైలో గుండె ఆపరేషన్లు చేసే ఏ ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో కూర్చున్నా నెల్లూరు మాట, తిరుపతి మాట చెవిన పడుతూనే ఉంటాయి. నాది గూడూరు. ఆపరేషన్‌లో గుండె పనీ ఊపిరితిత్తుల పనీ చేసే హార్ట్-లంగ్ మెషీన్‌ని నడపడం నా పని, మేం దాన్ని పంపు అంటాం. ఓటీ డ్రెస్సులో టీ కోసం కిందికి దిగినవాడు తెలుగులో ఫోన్ మాట్లాడితే ఇక వదలరు. కరోనా వచ్చి పోయాక వేలికి పెట్టే ఆ క్లిప్పు ప్రతి ఇంట్లోనూ ఉంది, 94 అనే అంకె ప్రతి నోటికీ వచ్చింది. అందుకే ఆ ప్రశ్న.

"గుండెని ఆపి పంపు మీద పెట్టినంతసేపూ ఆ క్లిప్పు ఏ అంకే చూపించదు తమ్ముడూ" అన్నాను. పిల్లవాడి మొహంలో రక్తం లేదు. సగం చెప్పి వదిలేయడం తప్పనిపించి అక్కడే కూర్చున్నాను. అప్పుడు చెప్పింది, టైము లేక చెప్పలేకపోయింది, రెండూ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ క్లిప్పు సంగతి. అది వేలి గుండా ఎర్ర కాంతినీ, కంటికి కనపడని పరారుణ కాంతినీ పంపుతుంది. నాడి కొట్టినప్పుడల్లా వేలిలోకి కాస్త రక్తం ఎక్కువ వచ్చి పోతుంది. ఆ వచ్చిపోయే భాగాన్ని మాత్రమే విడదీసి లెక్క కట్టడమే అందులోని తెలివి. జపాన్ ఇంజినీరు టకువో అవొయాగి 1974లో బయటపెట్టిన కిటుకు అది. (ఆయన 2020 ఏప్రిల్‌లో పోయారు, సరిగ్గా లోకమంతా ఆ క్లిప్పు కోసం మెడికల్ షాపుల ముందు క్యూ కట్టిన రోజుల్లో.) హార్ట్-లంగ్ మెషీన్ మీద ఉన్న మనిషికి నాడి ఉండదు. మోటారు పెట్టి తోటకి నీళ్ళు తోలినట్టు రక్తం ఒకే ధారగా పోతుంటుంది. వచ్చిపోయేది లేదు కాబట్టి క్లిప్పుకి పని లేదు. తెర మీద గీత చదునుగా పడుకుంటుంది. మనిషికి ఏదో అయిందని కాదు, ఆ పరికరం అడిగే ప్రశ్నకి అప్పుడు అర్థం లేదు, అంతే.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే విప్పాలి. మనవాళ్ళ నోట "బైపాస్" అంటే గుండె రక్తనాళాలు మూసుకుపోతే కాలి నుంచో ఛాతీ నుంచో నాళం తీసి అతికించే ఆపరేషన్. దేశంలో మొదటిసారి దాన్ని 1975లో ఈ ఊళ్ళోనే, పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. మా థియేటర్ భాషలో బైపాస్ అంటే వేరు. రక్తాన్ని గుండె మీదుగా, ఊపిరితిత్తుల మీదుగా పోనివ్వకుండా మెషీన్ గుండా మళ్ళించడం. గుండె కొట్టుకుంటూ ఉండగానే నాళాలు అతికిస్తే అది వాళ్ళ బైపాస్, మా బైపాస్ కాదు. కవాటం మార్చడం మా బైపాస్, వాళ్ళ బైపాస్ కాదు. ఆ కుర్రాడి తల్లికి మైట్రల్ కవాటం మార్చాలి. చిన్నప్పటి కీళ్ళ జ్వరం చేసిపోయిన పని.

మెషీన్ దారి ఇలా ఉంటుంది. గుండె కుడి పై గదిలో పెట్టిన గొట్టం గుండా నల్లటి రక్తం కిందికి, ప్లాస్టిక్ రిజర్వాయర్‌లోకి దిగుతుంది. అక్కణ్ణుంచి పంపు దాన్ని ఆక్సిజనేటర్‌లోకి తోస్తుంది. ఎర్రబడిన రక్తం ఫిల్టర్ దాటి బృహద్ధమనిలోకి వెళ్తుంది. ఆక్సిజనేటర్ అంటే చేతిలో పట్టే డబ్బా. అందులో వెంట్రుకల్లాంటి బోలు గొట్టాలు వేలకి వేలు. గొట్టాల లోపల గాలి, బయట రక్తం. మొత్తం కలిపి వైశాల్యం సుమారు 2 చదరపు మీటర్లు, ఒక మంచం దుప్పటంత. మన ఊపిరితిత్తులకి ఉన్నది సుమారు 70 చదరపు మీటర్లు, అంటే వేలచ్చేరిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటంత. దేవుడు అంత మిగులు పెట్టి కట్టాడు, కంపెనీవాడు పెట్టలేదు. మా కాపలా అంతా ఆ తేడాకే.

ఈ దుప్పటి కూడా లేని కాలం ఒకటుంది. ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ 1953 మే 6న 18 ఏళ్ళ అమ్మాయి గుండెలో రంధ్రం మూశాడు. ఆ అమ్మాయి 26 నిమిషాలు పూర్తిగా మెషీన్ మీదే బతికింది. అయినా ఆ మెషీన్‌ని అందరూ నమ్మలేదు. మరుసటి ఏడాది మిన్నెసోటాలో లిలెహై మెషీన్ జోలికే పోకుండా పిల్లవాడి రక్తనాళాలని పక్క బల్ల మీద పడుకోబెట్టిన తండ్రికో తల్లికో కలిపాడు. పెద్దవాళ్ళ ఊపిరితిత్తులే ఆక్సిజనేటర్. ఒక ఆపరేషన్‌లో ఇద్దరు చచ్చిపోయే అవకాశం ఉన్న వైద్యం లోకంలో ఇదొక్కటేనని అప్పట్లో విసుర్లు వినపడ్డాయట. పర్యవేక్షణ లెక్కన చూస్తే మాత్రం నాకు అసూయగా ఉంటుంది. తండ్రి శరీరం తనంతట తానే ఎంత కావాలో అంత ఊపిరి పీల్చుకుంది. మా డబ్బాకి ఆ తెలివి లేదు. ప్రతిదీ మేమే చెప్పాలి.

చెప్పడానికి నా ముందు రెండు మరలు ఉంటాయి. కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒకటి బ్లెండర్. పైపులో వచ్చే ఆక్సిజన్‌ని మామూలు గాలితో ఏ పాళ్ళలో కలపాలో అది నిర్ణయిస్తుంది. 21 శాతం నుంచి 100 దాకా తిప్పొచ్చు. రెండోది ఆ మిశ్రమం నిమిషానికి ఎన్ని లీటర్లు పోవాలో చెప్పే ఫ్లోమీటర్. మొదటిది పెంచితే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది. రెండోది పెంచితే ఆక్సిజన్ పెద్దగా కదలదు, కార్బన్ డయాక్సైడ్ ఊడ్చుకుపోతుంది. పోతే మంచిదే కదా అంటారు. అది మరీ తగ్గితే మెదడులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం ఎర్రగా మెరిసిపోతుంటుంది, మెదడుకి చేరేది మాత్రం తగ్గుతుంది. ఆక్సిజన్ తక్కువైందని కంగారుపడి తప్పు మర తిప్పితే జరిగేది ఇదీ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2019 ఎండాకాలం చెన్నైలో ఉన్నవాళ్ళకి మెట్రో వాటర్ లారీ గురించి నేను చెప్పక్కర్లేదు. వచ్చిన ప్రతి లారీ నిండుగానే వచ్చేది. మూత తీసి చూస్తే నూటికి నూరు. అయినా మా అపార్ట్‌మెంట్ సంపు నిండేది కాదు, ఎందుకంటే వచ్చేవి రెండే లారీలు. ఆ క్లిప్పులో 94 అని కనపడే శాతాన్నే శాచురేషన్ అంటాం. అది చెప్పేది లారీ నిండిందా లేదా అన్న ఒక్క ముక్కే. లారీలు ఎన్ని ఉన్నాయన్నది హిమోగ్లోబిన్ చెప్పాలి. ఎన్ని ట్రిప్పులు వేస్తున్నాయన్నది పంపు ఫ్లో చెప్పాలి. మూడూ గుణిస్తే వీధికి చేరిన నీళ్ళు. దాన్నే మేం డీఓటూ అంటాం: నిమిషానికి ఒంటికి అందుతున్న ఆక్సిజన్, మిల్లీలీటర్లలో.

ఆ కుర్రాడి తల్లిలాంటి మనిషినే తీసుకుని లెక్క వేద్దాం. అంకెలు లెక్కకి వీలుగా సర్దాను. 45 కిలోలు, 150 సెంటీమీటర్లు. ఒంటి ఉపరితలం 1.37 చదరపు మీటర్లు. హిమోగ్లోబిన్ ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తానికి 10.5 గ్రాములు. మన ఊళ్ళల్లో ఆడవాళ్ళకి ఇలా తక్కువుండటం మామూలే. ఒంట్లో రక్తం సుమారు 2.9 లీటర్లు. మెషీన్ గొట్టాలలో గాలి లేకుండా ముందే 1.2 లీటర్ల సెలైన్ లాంటి ద్రవం నింపి ఉంచుతాం. పంపు ఆన్ చేయగానే ఆ నీళ్ళు ఆవిడ రక్తంలో కలుస్తాయి. హిమోగ్లోబిన్ ఒక్క నిమిషంలో 10.5 నుంచి 7.4కి దిగుతుంది. చుక్క రక్తం పోలేదు, నీళ్ళ పాలైంది.

ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 7.4 గ్రాములు 9.9 మోస్తాయి. రక్తంలో విడిగా కరిగి ఉన్నది ఇంకో 0.6. మొత్తం ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తానికి 10.5. పంపు ఫ్లో మామూలుగా పెట్టేది చదరపు మీటరు ఒంటికి నిమిషానికి 2.4 లీటర్లు. గుణిస్తే చదరపు మీటరుకి నిమిషానికి 252 మిల్లీలీటర్ల ఆక్సిజన్. ఇది చాలా తక్కువ. ఇటలీలో రనూచీ బృందం 2005లో వేసిన లెక్క ప్రకారం 272 కంటే కిందికి పోయినవాళ్ళకి ఆపరేషన్ తర్వాత కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువ. 2018లో వచ్చిన పెద్ద పరిశోధనలో 280 పైన ఉంచితే కిడ్నీకి తొలి దశ దెబ్బ తగ్గింది. తీవ్రమైన దశల్లో తేడా కనపడలేదు, అది కూడా దాచకుండా చెప్పాలి. అన్ని అవయవాల్లో కిడ్నీయే ముందు ఎందుకంటే దాని లోపలి పొర మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ అంచున బతుకుతుంది. కూలి రోజు తప్పితే పొయ్యి వెలగని ఇల్లులాంటిది.

ఈ 252 దగ్గర ఆక్సిజనేటర్ దాటిన రక్తం శాచురేషన్ ఎంతనుకుంటున్నారు? 100. తెర మీద ఆకుపచ్చగా, నిశ్చింతగా, 100.

అప్పుడు ఏం చేస్తాం? ఆక్సిజన్ శాతం పెంచుతాం అంటారా? అది నిండిన లారీ మీద ఇంకో బిందె పోయడం. కరిగిన ఆక్సిజన్ ఒత్తిడి 200 మిల్లీమీటర్ల నుంచి 400కి పెంచినా ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తానికి దక్కేది ఇంకో 0.6 మిల్లీలీటర్లు. పైగా మితిమీరిన ఆక్సిజన్ కణాలకి మంచిది కాదు కాబట్టి 100 శాతం పెట్టి మరిచిపోయే పాత అలవాటు ఇప్పుడు పోయింది. ఫ్లోని 2.7కి పెంచితే 284 వస్తుంది, అది ఒక దారి. గొట్టాలలో నింపిన ద్రవంలోంచి 400 మిల్లీలీటర్లు ముందే బయటికి తీసి, ఆ చోట్లోకి ఆవిడ రక్తాన్నే మెల్లగా వెనక్కి రానివ్వడం ఇంకో దారి. అప్పుడు హిమోగ్లోబిన్ 8.2 దగ్గర నిలుస్తుంది, ఫ్లో మార్చకుండానే 278. నాకు ఇదే ఇష్టం. ఖర్చు లేదు, ఓపిక కావాలి, మధ్యలో బీపీ పడుతుంది కాబట్టి మత్తు డాక్టర్‌తో మాట్లాడుకుంటూ చేయాలి. చివరి దారి రక్తం ఎక్కించడం. "ఇద్దరు డోనర్లని తెచ్చుకోండి" అంటే ఆసుపత్రివాళ్ళు డబ్బులు లాగుతున్నారనుకునే మనవాళ్ళకి ఈ లెక్క చూపించాలనిపిస్తుంది. ఇంకా నయం, తొందరలేని ఆపరేషన్ అయితే రెండు మూడు వారాల ముందే హిమోగ్లోబిన్ చూపించుకుని ఐరన్ ఎక్కించుకుంటే సగం రభస ఇంటి దగ్గరే తీరిపోతుంది.

పంపింది లెక్క వేశాం, సరిపోయిందా అన్నది ఒళ్ళే చెప్పాలి. దానికి తిరిగొచ్చే రక్తాన్ని చూస్తాం. వెనక్కి వచ్చే గొట్టానికి తగిలించిన సెన్సార్ శాచురేషన్ 70 దాకా చూపిస్తుంటే ఒళ్ళు తనకి కావలసింది తీసుకుని ఇంకా మిగిల్చిందని అర్థం. 65 కిందికి జారుతుంటే అవయవాలు అడుగంటా గీక్కుంటున్నాయి. ఒకసారి తీసిన రక్తం ల్యాబ్‌కి పోయి అంకె వచ్చేలోపు కథ మారిపోతుంది కాబట్టి ఇలా నిరంతరం చూపించే ఇన్‌లైన్ మానిటర్ ప్రతి పంపుకీ ఉండాలన్నది నా పట్టు. పాత మెషీన్ల మీద డీఓటూ లెక్క దానంతట అది రాదు. నేను ఒక చిన్న పట్టిక అట్ట మీద రాసి పంపు పక్కన అంటించుకున్నాను.

ఈ తిరుగు అంకె కూడా మోసం చేయగలదు. ఒళ్ళు చల్లబరిచినప్పుడు, 28 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ వాడకం సుమారు సగానికి పడిపోతుంది. అదే సమయంలో చల్లటి హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని వదలదు. తిరిగొచ్చే రక్తం 85 చూపిస్తుంది. ఒళ్ళు తిని మిగిల్చిందా, తినడానికి చేతికి రాలేదా? అంకె చెప్పదు. పైగా అది అన్ని అవయవాల నుంచి వచ్చిన కలగూర. కాళ్ళూ చేతులూ మిగిల్చింది మెదడు ఆకలిని కప్పేస్తుంది.

అందుకని నుదుటి మీద రెండు వైపులా రెండు స్టిక్కర్లు. ఇవీ పరారుణ కాంతే, కానీ నాడితో పని లేదు. కింద ఉన్న మెదడు పొరలో మొత్తం రక్తాన్ని చూస్తాయి. అక్కడ ఎక్కువ భాగం వెనక్కి పోయే రక్తమే కాబట్టి 65, 70 లాంటి అంకెలు మామూలే. 94 కోసం వెతికితే గుండె ఆగుతుంది. అసలు అంకె కంటే మత్తు ఇవ్వకముందు ఎంత ఉంది, ఇప్పుడు అందులో ఎంత తరిగింది అన్నది ముఖ్యం. అయిదో వంతు తరిగితే అందరం కదులుతాం. ఒక పక్కే పడిపోతే ముందు చూసేది మెడ తిరిగిందా, గొట్టం కొన జరిగిందా అని. రెండు పక్కలా పడితే బీపీ, ఫ్లో, కార్బన్ డయాక్సైడ్, హిమోగ్లోబిన్, ఈ వరసలో నా కళ్ళు పోతాయి.

అన్నిటికంటే గండం వెచ్చబరిచేటప్పుడు. సర్జన్ పని అయిపోయింది, అందరి భుజాలూ కిందికి దిగాయి, థియేటర్లో పాట కూడా పెడతారు. ఆ సమయంలోనే ఒళ్ళు నిద్రలేచి ఆకలి అంటుంది. మెషీన్‌లో రక్తాన్ని వెచ్చబరిచే వేడి నీళ్ళు ఒక్కసారి వదిలితే తిరుగు శాచురేషన్ మెట్లు దిగినట్టు దిగుతుంది. వేడెక్కిన రక్తంలో వాయువు తక్కువ కరుగుతుంది కాబట్టి బుడగలు పుట్టే భయం వేరే. ఆక్సిజనేటర్ దాటే రక్తం 37 డిగ్రీలు మించకూడదు. త్వరగా కానివ్వమని సర్జన్ అన్నా సరే.

ఇదంతా రక్తం వైపు కథ. గాలి వైపు కథ ఎవరూ చెప్పరు, కానీ నన్ను భయపెట్టింది అదే. చాలా ఏళ్ళ కిందట, ఏ ఆసుపత్రో చెప్పను, గుండె ఆపి నలభై నిమిషాలయింది. బ్లెండర్ 60, ఫ్లోమీటర్ రెండున్నర లీటర్లు, పది నిమిషాల కిందట వచ్చిన రిపోర్టు భేషుగ్గా ఉంది. ఇన్‌లైన్ మానిటర్ అక్కడ లేదు. రాసుకోవడానికి తల దించి ఎత్తాను. నా ముందు ఎప్పుడూ రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటాయి, ఒకటి నేరేడు పండు రంగు, ఒకటి దానిమ్మ గింజ రంగు. ఆ రోజు రెండూ నేరేడు పండ్లే.

ఒక్క మీటరూ అరవలేదు. పేషెంటుకి మత్తు తగ్గకుండా మేం గాలి గొట్టంలోనే ఐసోఫ్లూరేన్ పాత్ర పెడతాం. కొంచెం ముందే దాన్ని నింపారు, మూత సరిగ్గా బిగియలేదు. ఫ్లోమీటర్ దాటి వచ్చిన గాలి ఆ మూతలోంచి గదిలోకి పోతోంది, డబ్బాకి పోవడం లేదు. బ్లెండర్ తన పని తాను చేసింది, పైపులో ప్రెషర్ ఉంది, అందరూ నిజమే చెప్పారు. నేను ఆ గొట్టం పీకేసి వెనక సిలిండర్ గొట్టాన్ని నేరుగా ఆక్సిజనేటర్‌కి గుచ్చాను. అర నిమిషంలో దానిమ్మ రంగు వచ్చింది. మూత సంగతి ఆ తర్వాతే తెలిసింది. పేషెంటుకి ఏమీ కాలేదు. నా చేతుల వణుకు మధ్యాహ్నం దాకా ఉంది.

పైపు ఆక్సిజన్ పడిపోతే బ్లెండర్ ఈల వేస్తుంది, చెవులు గింగురుమంటాయి. కానీ బ్లెండర్‌కీ డబ్బాకీ మధ్య గొట్టం ఊడితే దానికి తెలిసే దారి లేదు. డబ్బా నుంచి బయటికొచ్చే వాడిన గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న గొట్టం తగిలిస్తే ఆ లోటు తీరుతుంది: గాలి ఆగిన మరుక్షణం అంకె సున్నాకి పడుతుంది. ఆ బయటి రంధ్రాన్ని మాత్రం ఎవరూ ఎందుకూ మూయకూడదు. మూస్తే లోపల గాలి ఒత్తిడి రక్తం ఒత్తిడిని మించి, గాలి రక్తంలోకి దూరుతుంది.

పంపు వెనక సిలిండర్ గురించి చెప్పాను కదా. బి టైపు, నల్ల ఒళ్ళు, తెల్ల భుజాలు, 1500 లీటర్లు. నిమిషానికి మూడు లీటర్ల లెక్కన ఎనిమిది గంటలు వస్తుంది, ఏ ఆపరేషన్‌కైనా చాలు. కానీ దాని కీ దాని మెడకే వేలాడుతుండాలి. పక్క థియేటర్ వాళ్ళు పట్టుకుపోయిన కీ కోసం వార్డు బాయ్ పరుగెత్తే నిమిషాలు ఎనిమిది గంటల్లో చేరవు. పొద్దున్నే నేను జాబితా బిగ్గరగా చదువుతాను, సిస్టర్ ఒక్కొక్కటీ చేత్తో ముట్టుకుని అవునంటుంది. కరెంటు పోతే బ్యాటరీ, బ్యాటరీ పోతే చేత్తో తిప్పే హ్యాండిల్. 2015 డిసెంబరు వరదల తర్వాత ఈ ఊళ్ళో జనరేటర్ ఏ అంతస్తులో ఉందని అడగని పంపు మనిషి లేడు.

కుర్రాడి తల్లి వంతు మర్నాడు పొద్దున. రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉంచుకున్నాం, వాడాల్సిన పని పడలేదు. వెచ్చబడింది, గుండె తనే కొట్టుకోవడం మొదలుపెట్టింది, మత్తు డాక్టర్ ఊపిరితిత్తుల్లోకి గాలి వదిలారు. నేను ఫ్లో అర లీటరు, అర లీటరు తగ్గిస్తూ వచ్చాను. రెండు లీటర్ల దగ్గర వేలి క్లిప్పు గీత కాస్త వణికింది. ఒక లీటరు దగ్గర బీప్ మొదలైంది. డాక్టర్ సౌండు పెంచారు.

బయటికి రాగానే కుర్రాడు ఎదురొచ్చాడు. "క్లిప్పు పని చేస్తోందా అన్నా?"

"98" అన్నాను.

"హిమోగ్లోబిన్?"